ఎండ వెంట ఎవరు తిరగాలి?

ఈవేళ నేను చెప్పబోయేది చరిత్రే గాని, రాజులూ యుద్ధాలూ ఉన్న చరిత్ర కాదు. మా ఇంట్లో కిటికీ దగ్గరి బల్లగుడ్డ కాలిపోయింది. అక్కణ్ణించి మొదలైంది.

మా ఇల్లు పాతబస్తీలో, లాల్ దర్వాజా వైపు. పోయిన మాఘమాసంలో మావారు జుమేరాత్ బజారు నుంచి ఒక గాజుగుండు పట్టుకొచ్చారు. బత్తాయిపండంత ఉంటుంది. లోపల బోలు కాదు, గట్టి గాజు. అది దేనికోసం చేశారో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవారికీ తెలియదు. చూడ్డానికి బాగుంది గదా అని తూర్పు కిటికీలో, మా అత్తయ్య ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ మీద పెట్టాను. నాలుగు రోజులయ్యాక దుమ్ము దులుపుతూ చూస్తే, గుండు పక్కన గుడ్డ మీద చిటికెనవేలంత గోధుమరంగు గీత! కొంచెం వంపు తిరిగి, నెలవంక లాగా. ఊదొత్తి నిప్పు పడిందన్నారు మా అత్తయ్య, నా మొహంకేసి చూస్తూ. నేను మా అబ్బాయి మొహంకేసి చూశాను.

మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి మాడు వాసన వచ్చింది. వెళ్ళి చూద్దును గదా, గుండు వెనకాల శనగగింజంత వెలుగుచుక్క, దాని మీంచి సన్నగా పొగ! అలాగే నిలబడి చూశాను. ఆ చుక్క మెల్లగా పక్కకు జరుగుతోంది. గుండు కదల్లేదు, సూర్యుడు కదిలాడు. నేరస్తుడు దొరికాడన్నమాట. (మీ ఇళ్ళల్లో కూడా గుండ్రటి గాజు పాత్రలు, నీళ్ళు పోసిన చేపల గిన్నెలు ఎండపడే కిటికీలో పెట్టకండి. గుడ్డలు, కర్టెన్లు అంటుకుంటాయి.)

ఈ సంగతి మా వీధి చివర ఉండే మౌల్వీసాబుకి చెప్పాను. ఆయన చాలా ఏళ్ళు బడిలో అరబ్బీ చెప్పి రిటైరయ్యారు. విని నవ్వారు. "బేటీ, నీ గుండు గురించి వెయ్యేళ్ళ కిందట ఒకాయన పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం అచ్చయింది ఎక్కడనుకున్నావు? ఈ హైదరాబాదులోనే" అన్నారు.

నాకు ఆశ్చర్యం వేసింది. మీక్కూడా వేస్తుందనే ఈ ప్రసంగం.

మన ఊళ్ళో 1888లో దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ పెట్టారు. పాత అరబ్బీ రాతప్రతులు ఎక్కడెక్కడివో తెప్పించి, పోల్చి చూసి, తప్పులు సరిచేసి అచ్చువేయడం దాని పని. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మన పాతబస్తీ షిబ్లీగంజ్‌లోని జామియా నిజామియాను స్థాపించిన మౌలానా అన్వారుల్లా ఫారూఖీ, ఈ ముగ్గురూ దానికి మూలపురుషులు. ఇప్పుడా సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఆ పేరు విని, అక్కడ మతగ్రంథాలే అచ్చువేస్తారని నేను అనుకునేదాన్ని. కాదట. నక్షత్రాల మీద, వైద్యం మీద, తూనికల మీద, వెలుగు మీద రాసిన గ్రంథాలెన్నో అక్కణ్ణించి దేశదేశాలకు వెళ్ళాయి.

ఆ వెలుగు గ్రంథాల్లో ఒకటి 'తన్‌ఖీహుల్ మనాజిర్'. 1928-30 మధ్య రెండు సంపుటాలుగా వచ్చింది. రాసినాయన కమాలుద్దీన్ ఫారిసీ, పర్షియా దేశస్థుడు. 700 ఏళ్ళ కిందటివాడు. కాంతి వంగడం గురించి ఆయనకు అనుమానాలొస్తే, గురువు కుతుబుద్దీన్ షీరాజీ ఒక పాత పుస్తకాన్ని దూరదేశం నుంచి తెప్పించి చేతిలో పెట్టాడట. అది ఇబ్న్ అల్ హైతమ్ రాసిన దృష్టిశాస్త్రం. ఇబ్న్ అల్ హైతమ్ 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, 1040 ప్రాంతంలో కైరోలో పోయాడు. కంట్లోంచి చూపు బయటికి పోయి వస్తువును తాకదు, వస్తువు మీంచి వెలుగే కంట్లోకి వస్తుందని రుజువులతో చెప్పినవాడు. ఆయన 'కాల్చే గోళం' అని ఒక చిన్న గ్రంథం కూడా రాశాడు. ఫారిసీ దాన్ని వివరించి తన పుస్తకంలో చేర్చాడు. మనవాళ్ళు దాన్ని అచ్చువేశారు. మౌల్వీసాబు ఆ పేజీలు తిప్పి చూపించారు. అరబ్బీ నాకు రాదు గాని, బొమ్మ అర్థమైంది. ఒక వృత్తం, అటునుంచి గీతలు వచ్చి దూరడం, ఇటు బయటికొచ్చి ఒకచోట గుమిగూడడం. మా కిటికీయే!

ఆ బొమ్మలోని విషయం ఇది. ఎండ గాజుగోళంలోకి దూరేటప్పుడు ఒకసారి వంగుతుంది, బయటికి వచ్చేటప్పుడు మరోసారి వంగుతుంది. రెండు వంపులూ కలిసి కిరణాలన్నిటినీ గోళం వెనక దగ్గర్లోనే, గోళం వ్యాసంలో నాలుగోవంతు దూరం లోపలే, ఒకచోటికి లాక్కొస్తాయి. అక్కడ పెట్టింది కాలుతుంది. అదే ఇబ్న్ అల్ హైతమ్ అద్దాలతో ఎండను కాల్చడం మీద కూడా రాశాడు. ఆ గ్రంథాలు కూడా 1938 ప్రాంతంలో మన ఊళ్ళోనే అచ్చయ్యాయి.

ఇప్పుడు ఈ గోళానికీ మామూలు భూతద్దానికీ తేడా చూడండి. భూతద్దాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టుకోవాలి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు నడుస్తాడు, అంటే నాలుగు నిమిషాలకో డిగ్రీ. మనకు కనబడే సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. కాబట్టి రెండే రెండు నిమిషాల్లో తన వెడల్పంత పక్కకు తప్పుకుంటాడు. అది చాలదన్నట్టు, రుతువును బట్టి దక్షిణానికీ ఉత్తరానికీ మొత్తం 47 డిగ్రీలు ఊగుతాడు. మన హైదరాబాదులో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటివారంలో ఒకసారి సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం డాబా మీద రోకలి నిలబెడితే నీడ ఉండదు. చూడనివాళ్ళు ఈసారి చూడండి. భూతద్దం ఇంత తిరిగేవాడి వెంట తిరగాలి. గోళానికి ఆ బాధ లేదు. దానికి ముందూ వెనకా లేవు, ఎటునుంచి చూసినా ఒకటే. సూర్యుడు ఎక్కడున్నా అది అక్కడే ఉండి పని చేస్తుంది.

దీన్ని గుర్తుపట్టి వాడుకున్నవాడు స్కాట్లండు మనిషి, జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్. శాస్త్రవేత్త అనుకునేరు, కాదు. పల్లెల్లో ముసలివాళ్ళు చెప్పుకునే కథలు సేకరించి పుస్తకాలు వేసి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన 1853లో ఒక చెక్కగిన్నెలో నీళ్ళు నింపిన గాజుబుడ్డి పెట్టి ఎండలో ఉంచాడు. రోజంతా సూర్యుడు నడిచిన దారి చెక్క మీద గీతలా కాలింది. మబ్బు పట్టినంతసేపూ గీత తెగింది. తర్వాత బుడ్డి బదులు గట్టి గాజుగుండు వచ్చింది. 1879లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు చెక్కగిన్నె తీసేసి, వెనకాల అట్టముక్క దూర్చే లోహపు చట్రం పెట్టాడు. అట్టలు మూడు రకాలు, ఎండాకాలానికొకటి, చలికాలానికొకటి, పగలూ రాత్రీ సమంగా ఉండే రోజులకొకటి. సాయంత్రం అట్ట తీసి, కాలిన గీత కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలుస్తుంది. మన దేశపు వాతావరణ కేంద్రాల్లో కూడా ఇది దశాబ్దాలపాటు పనిచేసింది. గడియారం వద్దు, కరెంటు వద్దు, తిప్పే మనిషి వద్దు.

మరైతే దీంతో వంట చేయొచ్చా? ఇక్కడే ఉంది చిక్కు. గోళం కదలదు, నిజమే. కాని దాని వేడిచుక్క కదులుతుంది! అట్ట మీద గీతలాగా పాక్కుంటూ పోతుంది. అన్నం గిన్నె దాని వెనకాల పాక్కుంటూ పోవాలి. అద్దం తిరగాలి, లేకపోతే గిన్నె తిరగాలి. ఎవరో ఒకరు సూర్యుడికి ఊడిగం చెయ్యాల్సిందే.

చరిత్రలో ఈ ఊడిగం ఎవరు చేశారో చూడండి. 1774లో పారిస్‌లో లావోయిజరూ ఆయన తోటివాళ్ళూ నాలుగడుగుల వెడల్పున్న భూతద్దం పెట్టారు. రెండు వంపు గాజుపలకలు కలిపి, మధ్యలో సారాయి పోసిన అద్దం అది. దాన్ని చక్రాల బండి మీద బిగించి, మనుషులు మరలు తిప్పుతూ సూర్యుడి వెంట నడిపించేవారు. లోహాలు కరిగిన సంగతి పుస్తకాల్లో ఉంది. మర తిప్పినవాళ్ళ పేర్లు నాకు ఎక్కడా కనబడలేదు. అదే పారిస్‌లో 1786లో ఒక తోటలో ఫిరంగి పెట్టి, దానిమీద కదలని భూతద్దం అమర్చారు. మిట్టమధ్యాహ్నం ఎండ సరిగ్గా ఒత్తి మీద పడి 'ఢాం' అనేది, జనం గడియారాలు సరిచేసుకునేవారు. కదలని అద్దం రోజుకు ఒక్క క్షణమే పనిచేస్తుందని దీనికంటే బాగా ఎవరు చెప్పగలరు!

మన దేశంలో మొదటి పెద్ద ప్రయత్నం బొంబాయిలో జరిగింది. హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారుగా ఉన్న విలియం ఆడమ్స్ అనే ఆంగ్లేయుడికి, ఇంత ఎండ ఉన్న దేశంలో కట్టెలకోసం ఇంత ఖర్చేమిటని తోచింది. ఎనిమిది పలకల చెక్కగరాటుకు లోపల మామూలు ముఖం చూసుకునే అద్దాలు అతికించి, మధ్యలో గాజుమూత కింద గిన్నె పెట్టాడు. ఏడుగురు సిపాయిల భోజనం రెండు గంటల్లో ఉడికిందట, అదీ జనవరిలో. తర్వాత కొలాబాలో తన ఇంటి ఆవరణలోనే అద్దాల వరసలు పెట్టి, నీళ్ళు మరిగించి, ఆ ఆవిరితో రెండున్నర అశ్వశక్తి పంపు నడిపించాడు. 1878లో పుస్తకం రాశాడు. అంతా బాగానే ఉంది. కాని ఆ అద్దాల వరసను సూర్యుడి వెంట జరుపుతూ ఉండాలి. జరపడానికి మనిషి కావాలి. బొంబాయిలో దొరగారికి మనిషి దొరకడం ఒక లెక్కా?

మన పాతబస్తీ మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. 1901లో ఫిసల్‌బండలో నవాబు జఫర్ జంగ్ వేధశాల పెట్టారు. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దుర్భిణి తెప్పించారు. ఆయన పోయాక అది ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు మారింది, అదే నిజామియా వేధశాల. అలాంటి దుర్భిణులకు నక్షత్రం వెంట మెల్లగా తిప్పే గడియారపు యంత్రం ఉంటుంది. చూసేవాడు హాయిగా కూర్చుని చూస్తాడు. చుక్కల వెంట తిప్పడానికి గడియారం పెట్టారు. పప్పు ఉడికించే అద్దం వెంట తిప్పడానికి ఆడదాన్ని పెట్టారు!

కోపంతో అంటున్నాననుకోకండి, జరిగింది చెబుతున్నాను. స్వాతంత్ర్యం వచ్చాక 1950ల మొదట్లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవాళ్ళు సూర్యకుక్కరు చేశారు. పెద్ద పళ్ళెంలాంటి అల్యూమినియం అద్దం, దాని ఎదుట గిన్నె. బజారులోకి కూడా వచ్చింది. దేశమంతా గొప్పగా చెప్పుకుంది. కాని ఎవరూ కొనలేదు. ఆడవాళ్ళకు కొత్తదంటే భయం, పాత అలవాట్లు వదలరు అన్నారు కొందరు పెద్దలు. అయ్యా, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, కళ్ళు జిగేలుమంటుంటే, కొద్ది నిమిషాలకోసారి అద్దం తిప్పుతూ కూర వండమంటే ఎవరు వండుతారు? పైగా రాత్రి వంటకి పనికిరాదు. పొయ్యి దగ్గర పొగే నయమనుకున్నారు.

ఆ తర్వాత పెట్టెకుక్కరు వచ్చింది. 1981-82 నుంచి ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి పంచింది. నల్లరంగు వేసిన పెట్టె, పైన రెండు గాజుపలకలు, మూతకు ఒక అద్దం, లోపల నల్లటి గిన్నెలు. ఇది ఎండను ఒక చుక్కగా చెయ్యదు. వచ్చిన వేడిని పోనివ్వదు, అంతే. స్విట్జర్లండులో సొస్యూర్ అనే ఆయన 1767లోనే ఇలాంటి పెట్టెలో నీళ్ళు మరిగే వేడిని దాటించాడు. భూతద్దానికి సూటి ఎండే కావాలి, పల్చటి మబ్బు పట్టినా చప్పబడిపోతుంది. పెట్టె మాత్రం ఆకాశమంతా చెదిరిన వెలుగును కూడా కొంత తాగుతుంది.

నా చిన్నతనంలో మా అమ్మ ఒకటి కొంది, వాయిదాల మీద. అమ్మిన అబ్బాయి "పొద్దున్న పెట్టి వెళ్ళిపోండమ్మా, మధ్యాహ్నానికి అన్నం, పప్పు తయారు" అన్నాడు. అన్నమూ ఉడికింది, పప్పూ ఉడికింది, అబద్ధం చెప్పకూడదు. కందిపప్పు వెన్నలా ఉండేది. కాని మా డాబాకి ఇరవైయేడు మెట్లు. గంటగంటకీ పైకి వెళ్ళి, పెట్టె జరిపి, అద్దం వంచి రావాలి. కోతులొస్తే మళ్ళీ పరుగు. మా నాన్న ఒక నోట్‌బుక్కులో నెలకు ఎంత కిరసనాయిలు మిగిలిందో రాసేవారు. బాగానే మిగిలేది. ఆ లెక్కలో మెట్లు లేవు. రెండేళ్ళకు అమ్మ మోకాళ్ళు పట్టేశాయి. పెట్టెలో పాత పేపర్లు పెట్టుకున్నాం.

అందుకే, అద్దం కదలకుండా ఎండను పోగుచేయడం అన్నది నాకు పండితుల సరదాగా కనబడదు.

ఈ ముడి మీద బాగా పనిచేసినాయన అమెరికాలో రోలాండ్ విన్‌స్టన్. 1974లో ఆయన చెప్పింది మనకు వంటింట్లో తెలిసిన సంగతే. ఎండను చక్కటి చుక్కగా, సూర్యుడి బొమ్మగా చెయ్యాలని పట్టుబట్టకండి, అడుగుకు చేరితే చాలు అన్నాడు. నూనె పోసే గరాటు చూడండి. నూనె ఏ పక్కన పడ్డా జారి సీసాలోకే పోతుంది. అలాగే రెండు వంపుగోడల అద్దాల తొట్టి చేసి, దాని అడుగున గొట్టం పెడితే, కొంత విశాలంలో ఎటునుంచి వచ్చిన ఎండైనా గోడలకు తగిలి గొట్టం మీదికే చేరుతుంది. తొట్టిని తిప్పనక్కర్లేదు. అయితే ప్రకృతి ఊరికే ఏదీ ఇవ్వదు. నోరు ఎంత వెడల్పుగా తెరిస్తే పోగయ్యేది అంత తగ్గుతుంది. ఏడాది పొడుగునా కదలకుండా ఉండాలంటే ఎండ రెట్టింపుకు అటూఇటూ మాత్రమే అవుతుంది. వందల రెట్లు కావాలంటే మళ్ళీ సూర్యుడి వెంట తిరగాల్సిందే. ఈ లెక్కను ఎంత తెలివైనవాడూ దాటలేడట.

తిరగడం తప్పనిచోట మరను పెట్టుకోవచ్చు, వంటమనిషిని కాదు. 2002లో తిరుమలలో అన్నప్రసాదం వంటకి అలాగే చేశారు. 106 పెద్ద అద్దాల పళ్ళాలు, ఒక్కొక్కటి తొమ్మిది చదరపు మీటర్ల పైచిలుకు. షెఫ్లర్ అనే ఆయన రూపొందించిన పద్ధతిలో, పళ్ళెం మాత్రమే మరతో తిరుగుతుంది, వేడి పడేచోటు కదలదు. రోజుకు నాలుగు టన్నుల ఆవిరి, 180 డిగ్రీల వేడి, 15,000 మందికి వంట అని అప్పటి లెక్క. ఆవిరి గొట్టాల్లోంచి వంటశాలకు వచ్చేది, వండేవాళ్ళు నీడలో ఉండేవారు. దేవస్థానం గనక చెయ్యగలిగింది. నలుగురున్న ఇంటికి అంత హంగు ఎక్కడ?

గుండు కథ ఇంకా అయిపోలేదు. ఓ పదేళ్ళ కిందట బార్సిలోనాలో ఉండే ఆంద్రే బ్రోసెల్ అనే ఆర్కిటెక్టు పెద్ద గాజుగోళం లాంటిది పెట్టి, దాని వెనకాల చిన్న సౌరపలక చుక్క వెంట తిరిగేటట్టు చేశాడు. గోళం పెద్దది కనుక కదలదు, చిన్న పలకే కదులుతుంది. ఇంటి యజమాని కదలకుండా చిన్నకోడలు తిరిగినట్టు, అంటే మా అత్తయ్య నవ్వలేదు.

నాకు ఇంకా నచ్చింది 2022 నాటిది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో నీనా వైద్య అనే ఇంజనీరు, తన గురువు ఓలావ్ సోల్‌గార్డ్‌తో కలిసి, బొత్తిగా కదలనక్కర్లేని కటకం చేసింది. తలకిందులు పెట్టి, మొన తీసేసిన గోపురంలా ఉంటుంది. పైనుంచి కిందికి పొరలు పొరలుగా రకరకాల గాజులూ ప్లాస్టిక్కులూ. పై పొర వెలుగును కొద్దిగా వంచుతుంది, కింది పొర బాగా వంచుతుంది. పక్కగోడలు అద్దాలు. ఏ వాలున వచ్చిన ఎండైనా వంపు తిరుగుతూ తిరుగుతూ అడుగుకే చేరుతుంది. నమూనాలో మీద పడ్డ వెలుగులో 90 శాతం పైగా లోపలికి పట్టి, అడుగున మూడు రెట్లు కాంతి చూపింది. మూడు రెట్లేనా అనొద్దు. విన్‌స్టన్ లెక్క తెలిసినవాళ్ళకు అది తక్కువ కాదు. అది కరెంటు పలకల కోసం చేసిందే గాని పప్పు కోసం కాదు. ఈలోగా పలకలే బాగా చవకైపోయాయి, కాబట్టి ఇలాంటి కటకం బజారుకు రావడం అంత తేలిక కాదు. కాని ఇబ్న్ అల్ హైతమ్ బొమ్మకీ ఆమె గోపురానికీ మధ్య వెయ్యేళ్ళు పట్టింది గదా, ఇంకొన్నేళ్ళకేం.

మా గుండు సంగతి చెప్పలేదు. దాన్ని కిటికీలోంచి తీసి డాబా మీద పెట్టాను. క్యాంప్‌బెల్ లాగే, ఒక స్టీలుగిన్నెలో పసుపు డబ్బా మూత వేసి దానిమీద గుండు నిలబెట్టి, గిన్నె లోపలి అంచున పెళ్ళి శుభలేఖ అట్ట చుట్టాను. ఒకసారి పొద్దున్న పెట్టిరావడం, ఒకసారి సాయంత్రం తేవడం. రెండుసార్లే మెట్లు. మొన్న తెచ్చిన అట్ట మీద గీత నడుమ బెత్తెడు తెగి ఉంది. మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఆ తెగినచోటు రాస్తూ, "ఇదుగో, ఇది నేను వడియాలు లోపలికి తెచ్చిన వేళ" అన్నారు.